పది రోజుల లెక్క

ఈ ఏడాది, అనగా 2025లో, మన ఉగాది సభకి మేము గంట ఆలస్యంగా వచ్చి, పాప డాన్సు అయిపోగానే భోజనాలకి కూడా ఆగకుండా వెళ్ళిపోవడం చాలామంది గమనించినట్టున్నారు. ఉగాది పచ్చడి పంచుతూ ఒకరూ, కారు దాకా వెంటవచ్చి ఒకరూ కారణం అడిగారు. "కుక్కకి ఇంజక్షన్ ఇప్పించాం, ఇంట్లో ఉండాలి" అన్నాం. అడిగినవారు నవ్వారు. మేమూ నవ్వాం. తరవాత మన పత్రిక సంపాదకులు ఫోను చేసి, "ఆ కుక్క సంగతేదో రాసి పంపండి. డాక్టర్లు రాసేవన్నీ కొలెస్టరాల్ మీదే వస్తున్నాయి, జనం భయపడుతున్నారు" అన్నారు. అందుచేత రాస్తున్నాం.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో మేము అంటే ఆలుమగలం. ఒకరం డాక్టరు, ఒకరం ఇంజనీరు. ఎక్కడ ఏ మాట ఎవరిదో పోల్చుకోవడం మమ్మల్ని ఎరిగినవారికి కష్టం కాదు. అమ్మ అంటే డాక్టరు తల్లి, ఇంజనీరుకి అత్తగారు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు ఆవిడది.

మా పాపకి ఎనిమిదేళ్ళు. కుక్క కావాలని రెండేళ్ళు పోరింది. మొదట చేపలు కొన్నాం. అవి ఒకదాని తరవాత ఒకటి పోయాయి. తాబేలు అన్నాం, ఒప్పుకోలేదు. ఇంజనీరు ఏనాడో పాప పక్షానికి ఫిరాయించారు గాని, డాక్టరు మాత్రం కదల్లేదు. దానికి కారణముంది. హౌస్ సర్జన్ గా ఉన్న రోజుల్లో అంటువ్యాధుల వార్డులో పదేళ్ళ కుర్రాణ్ణి చూశాం. కుక్క కరిచి నెలన్నర అయింది. పసరు కట్టు కట్టించి ఊరుకున్నారు. మేము చూసేసరికి దాహం దాహం అంటున్నాడు, స్టీలు గ్లాసు దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోయి తోసేస్తున్నాడు. ఫాను గాలి తగిలినా అంతే. మర్నాడు పోయాడు. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలయ్యాక ఇంచుమించు ఎవరూ బతకరు. ఇది పుస్తకంలో చదవడం వేరు, గ్లాసు పట్టుకుని నిలబడడం వేరు. అప్పటినుంచి మాకు కుక్క అంటే మొదట ఆ గ్లాసు గుర్తొస్తుంది.

అదీగాక అమ్మ సంగతి. అమ్మ కుడిచేతి మీద, బొటనవేలి మొదట్లో, నాలుగు మచ్చలున్నాయి. చిన్నప్పుడు ఇంటి కుక్కే కరిచింది, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు చేశారు. ఈ కథ మా ఇంట్లో పండగలప్పుడు నవ్వుతూ చెప్పుకునేదే. తాతయ్య రోజూ సైకిలు మీద కూర్చోబెట్టుకుని కాలవగట్టు వెంట ఆస్పత్రికి తీసుకెళ్ళడం, ఇంజక్షన్ అయ్యాక జీళ్ళు కొనిపెట్టడం, మూడోరోజుకే అమ్మ జీళ్ళ కోసం ఎదురుచూడడం, ఇదంతా మాకు కంఠతా వచ్చు. ఆవిడ మాత్రం వీధిలో కుక్క ఎదురైతే ఈనాటికీ పక్క సందులోకి తిరిగిపోతుంది.

ఇన్ని ఉన్నా జనవరిలో ఒక శనివారం పాపని తీసుకుని ఊళ్ళోని జంతువుల షెల్టరుకి వెళ్ళాం. చూసి వచ్చేద్దామనే వెళ్ళాం. మన హ్యూస్టన్లో వీధికుక్కలు ఎన్నో, తూర్పు వైపు పేటల్లోకి వెళ్ళినవారికి తెలుసు. శీతాకాలం నామమాత్రం గనుక ఏడాది పొడుగునా పిల్లలు పెడుతూనే ఉంటాయి. షెల్టర్లు పట్టక వాన్లకెక్కించి ఉత్తరాది రాష్ట్రాలకి పంపుతుంటారు. లోపలికి అడుగుపెట్టగానే ఒకటే అరుపులు, ఫినాయిలు వాసన. అన్నీ అరుస్తుంటే ఒకటి మాత్రం అరవకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. అయిదు కిలోలుంటుంది. తల చువావాదే గాని, చెవులు ఎవరివో, తోక ఎవరిదో తెలియదు. కార్డు మీద జాతి దగ్గర మిక్స్ అని రాసి ఊరుకున్నారు. వయసు సుమారు మూడేళ్ళు, పేరు పీనట్. అడుగున ఎర్ర సిరాతో హార్ట్ వర్మ్ పాజిటివ్.

పాప దాని ముందు కూర్చుని లేవలేదు.

ఇక్కడ పాఠకులు క్షమిస్తే కొంచెం వైద్యం చెప్పాలి. కొలెస్టరాల్ కాదు లెండి. గోదావరి జిల్లాలవారికి బోదకాలు గురించి చెప్పనక్కర్లేదు. ప్రతి ఊళ్ళోనూ ఏనుగు కాలంత కాలుతో అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకరుండేవారు. 2004 నుంచి ప్రభుత్వంవారు ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి మాత్రలు మింగిస్తున్నది దాని కోసమే. అది దోమకాటుతో వచ్చే ఫైలేరియా పురుగు పని. ఆ పురుగు దోమలో పెరుగుతుందని ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు 1877లో చైనాలో కనిపెట్టాడు. ఆ మాన్సన్ ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో 1897లో దోమని కోసి మలేరియా క్రిమిని చూశాడు. కుక్కల హార్ట్ వర్మ్ ఈ బోదకాలు పురుగుకి దాయాది. ఇదీ దోమతోనే వస్తుంది. కాకపోతే ఇది కాలిని వదిలేసి, గుండె నుంచి ఊపిరితిత్తులకి పోయే రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. ఆడపురుగు ఇంచుమించు అడుగు పొడవు పెరుగుతుంది. అయిదు కిలోల కుక్కలో అడుగు పొడవు పురుగులు! అయిదారేళ్ళు బతుకుతాయి కూడాను. నెలనెలా మాత్ర వేస్తే రానే రాదు, కాని వీధికుక్కకి మాత్ర ఎవరు వేస్తారు? హ్యూస్టన్ ఉక్క, ఈ దోమలు చూస్తే కోనసీమకి ఏమీ తీసిపోదు మన ఊరు.

మనుషులకి అంటుతుందా అని సభలో ఒకరడిగారు. కుక్క నుంచి నేరుగా అంటదు. దోమ ద్వారా ఎప్పుడో ఎవరికో ఒక పురుగు చేరినా అది మనలో పెరగలేక చస్తుంది. చచ్చినది ఊపిరితిత్తిలో నాణెమంత మచ్చగా ఎక్స్ రేలో కనబడితే, కాన్సరేమోనని ఆపరేషన్ చేసి తీసిన సందర్భాలున్నాయి. అంత అరుదు. దాని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

వైద్యం ఉంది, కాని తేలిక కాదు. ముందు నెలరోజులు డాక్సీసైక్లిన్. ఇది పురుగుని కాక, పురుగులో కాపురమున్న బాక్టీరియాని చంపి దాన్ని నీరసపరుస్తుంది. తరవాత ఒక నెల ఆగి నడుం కండరంలో లోతుగా మెలార్సొమిన్ ఇంజక్షన్. మరో నెలకి, ఒకదాని మర్నాడు ఒకటి, ఇంకో రెండు. ఈ మెలార్సొమిన్ ఆర్సెనిక్ మందు. మన భాషలో చెప్పాలంటే పాషాణమే. అసలు చిక్కు మందుతో కాదు, చచ్చిన పురుగుతో. ముక్కలై ఊపిరితిత్తి రక్తనాళాల్లో అడ్డుపడితే కుక్క పోవచ్చు. ఇంజక్షన్ అయిన ఏడోరోజు నుంచి పదోరోజు దాకా మరీ గండం. అందుకని నెలల తరబడి పరుగు, గెంతు, ఆఖరికి ఆనందంతో తోక ఊపుతూ ఎగరడం కూడా కూడదు. బోనులో పెట్టాలి, తాడు కట్టి బయటికి తీసుకెళ్ళి పని కాగానే తేవాలి. గుండెపోటు వచ్చిన పెద్దమనుషులకి విశ్రాంతి తీసుకోండని చెప్పి చెప్పి అలిసిపోయిన డాక్టరుకి, మూడేళ్ళ కుక్క చేత విశ్రాంతి తీసుకోనివ్వడం ఎంత కష్టమో తెలియనిది కాదు.

"ఆరోగ్యమైనది ఇంకోటి చూద్దామమ్మా" అన్నాం పాపతో.

"నువ్వు డాక్టరువి కదా, జబ్బు లేనివాళ్ళనే చూస్తావా?" అంది.

దీనికి సమాధానం మీలో ఎవరికైనా తోస్తే తెలియజేయండి. మాకు తోచలేదు. సంతకాలు పెట్టాం. పీనట్ ఇంటికొచ్చేసరికి పల్లీ అయింది. వైద్యానికి ఎంతయిందో ఇక్కడ రాయం, ఇండియాలో మా పెద్దవాళ్ళు కూడా ఈ పత్రిక చదువుతారు.

మార్చి మొదట్లో అమ్మ వచ్చింది, ఆరు నెలలుండడానికి. రెండు నెలలు వీడియోలో మాట్లాడుతూ కుక్క కనబడకుండా ఫోను గోడవైపు తిప్పిన ఘనత మాది. చెబితే ప్రయాణం మానుకుంటుందని భయం. ఎయిర్ పోర్టు నుంచి వస్తూ కారులో చెప్పాం. అమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "మీ ఇల్లు, మీ ఇష్టం" అంది. ఈ మాట ఏ స్వరంతో అంటారో తల్లులున్నవారికి వేరే చెప్పాలా!

ఇంట్లోకి రాగానే మడతకుర్చీ ఒకటి తీసుకుని, బోనుకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో వేసుకుంది. పల్లీని పేరుపెట్టి పిలవలేదు. "అది" అనేది. "అది చూస్తోంది", "దానికి ఆకలేమో". ఇక్కడ పిచ్చికుక్కలుండవా అని అడిగింది. కుక్క నుంచి కుక్కకి పాకే రేబిస్ అమెరికాలో లేదని 2007లోనే ప్రకటించారనీ, గబ్బిలాల్లోనూ స్కంకుల్లాటి అడవి జంతువుల్లోనూ ఉంది గనుక నాలుగు నెలలు నిండేసరికి ప్రతి కుక్కకీ టీకా వేయించాలని టెక్సాసులో చట్టముందనీ చెప్పాం. మెక్సికో సరిహద్దు వెంట అడవి నక్కలకి వచ్చినప్పుడు, 1995 నుంచి టీకా మందు కలిపిన ఎరలని విమానాల్లోంచి జారవిడిచి దాన్ని అణిచారని కూడా చెప్పాం. "నక్కలకి విమానాలా" అని మాత్రం అంది. పల్లీ మెడలో వేలాడే టీకా బిళ్ళ చూపిస్తే దూరం నుంచే చూసింది. ఆ బిళ్ళ మీద ఉన్న సంవత్సరం చదివి వినిపించమంది.

మార్చి మధ్యలో మొదటి ఇంజక్షన్ బాగానే జరిగింది. ఏప్రిల్లో మిగతా రెండూ శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి పడ్డాయి. శనివారమే మన ఉగాది సభ, అందులో పాప డాన్సు. ఎవరో ఒకరం ఇంట్లో ఉండిపోదామనుకుంటుంటే అమ్మ, "ఇద్దరూ వెళ్ళండి, పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. నేనుంటాలే. అది బోనులోనే ఉంటుందిగా" అంది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. భోజనాలకి ఆగకపోవడానికి అసలు కారణం పల్లీ ఒక్కటే కాదని ఇప్పుడు మీకర్థమై ఉంటుంది. వచ్చి చూద్దుముగదా, మడతకుర్చీ గది మధ్యకి వచ్చి ఉంది.

ఆ రాత్రి రెండు గంటలవేళ పల్లీ మూలగసాగింది. ఇంజక్షన్ చేసిన చోట వాచి, నాలుక బయటపెట్టి ఒగురుస్తోంది. స్టెతస్కోపు పెట్టి విన్నాం. మనుషుల గుండెకి అలవాటైన చెవికి ఆ చిన్న గుండె వేగం లెక్క తప్పిస్తుంది. నొప్పివల్లే గాని ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని తేల్చుకుని, నొప్పికి ఇచ్చిన మందు వేసి, బోను పక్కన నేలమీద కూర్చున్నాం. ఇంజనీరు సోఫాలోకి చేరిన పావుగంటకే గుర్రు. అమ్మ లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది. వంటింటి దీపం ఒక్కటే వెలుగుతోంది.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మాదానికీ ఇలాగే చెవులు" అంది.

"దేనికమ్మా?"

"మోతీకి."

ఆ కుక్కకి ఒక పేరుందని మాకు అంతవరకూ తెలియదు.

"నువ్వు డాక్టరువి గదే. ఒక్క సంగతి అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. దానికి పిచ్చి ఉందంటావా?"

అలవాటు కొద్దీ డాక్టరు అడిగే ప్రశ్నలే అడిగాం. ఎలా కరిచింది, ఊరికే వచ్చి కరిచిందా, మీరేమైనా చేశారా? రేబిస్ అనుమానంలో మొదట అడిగేది ఇదే. ఏ కారణమూ లేకుండా కరిస్తే అనుమానం ఎక్కువ.

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. 1967, తనకి తొమ్మిదో ఏడు. మోతీ గడ్డివాము పక్కన ఈని వారమైంది. నాలుగు పిల్లలు. దగ్గరికెళ్ళవద్దని వాళ్ళమ్మ చెప్పింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెళ్ళి ఒక పిల్లని ఎత్తి గౌనులో పెట్టుకుని పరిగెత్తింది. మోతీ వెంటపడి చెయ్యి పట్టుకుంది. నెత్తురు కారుతూ ఇంట్లోకొస్తే తాతయ్య, "ఏం చేశావు దాన్ని?" అని అడిగాడు.

"ఏమీ చెయ్యలేదన్నాను. ఊరికే నిలబడితే వచ్చి కరిచిందన్నాను. తంతారని భయమేసింది."

ఊరికే కరిచిందంటే పిచ్చిదేనన్నారు అరుగు మీదివాళ్ళు. సాయంకాలం లోపల పాలేళ్ళు కర్రలతో కొట్టి చంపారు. కళ్ళు తెరవని పిల్లలు నాలుగూ రెండు మూడు రోజుల్లో పోయాయి. మర్నాటినుంచి సైకిలు, కాలవగట్టు, జీళ్ళు.

"రోజూ సూది గుచ్చుతుంటే, చెప్పేద్దామనుకునేదాన్ని. చెబితే ఇంజక్షన్లు మానేస్తారు గదా అనికూడా ఆశ. కాని అప్పటికే అది పోయింది. ఏమని చెప్పను? మీ తాతయ్య బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. మీ నాన్నకీ చెప్పలేదు."

ఆ ఇంజక్షన్ల గురించి మేము కాలేజీలో చదివాం. గొర్రె మెదడు నుంచి తీసే సెంపుల్ టీకా అది, కసౌలీలో 1911లో మొదలై, మన దేశంలో 2005 నాటికి గాని వాడకం పోలేదు. అరుదుగా దానివల్లే పక్షవాతం వచ్చేది. ఆ పద్నాలుగు రోజులూ తాతయ్య ఆ పిల్లని ముందు కూర్చోబెట్టుకుని తొక్కుతూ ఏమనుకుని ఉంటాడో! అదే చెప్పాం. ఆ రోజుల్లో తెలియదమ్మా, నిజం చెప్పినా ఊళ్ళోవాళ్ళు చంపకుండా ఊరుకునేవారని ఏముంది, తాతయ్య స్థానంలో ఎవరున్నా నిన్నే చూసుకునేవారు, తొమ్మిదేళ్ళ పిల్లవి, అని ఏవేవో అన్నాం. రోగుల బంధువులకి చెప్పి చెప్పి మాకు ఇలాంటి మాటలు బాగా వచ్చు.

"అది కాదే నేనడిగింది" అంది అమ్మ.

కరిచిన కుక్కని కట్టేసి పదిరోజులు చూస్తారు. రేబిస్ క్రిమి ఉమ్మిలోకి వచ్చిన కుక్క పదిరోజులకి మించి ఆరోగ్యంగా ఉండదు. పదోరోజున అన్నం తిని తోక ఊపుతోందంటే కరిచిన నాడు దాని నోట్లో జబ్బు లేదన్నమాట. ఇంత చిన్న లెక్క. మోతీకి ఆ పదిరోజులూ ఇవ్వలేదు గనుక నిక్కచ్చిగా చెప్పే వీలు ఎవరికీ లేదు. కాని ముందురోజు అన్నం తిందా అంటే తిందంది. నీళ్ళు తాగిందా అంటే తాగిందంది. పిల్లలకి పాలిస్తోందా అంటే ఇస్తోందంది. పిల్లని ఎత్తుకుపోతే ఏ తల్లయినా కరుస్తుంది.

"లేదమ్మా" అన్నాం. "దానికి పిచ్చి లేదు."

అమ్మ తలూపింది. మళ్ళీ ఏమీ అనలేదు. మేము చెప్పవలసింది అదేనా, ఉన్నదున్నట్టు అన్నది అంతవరకూ వెళ్ళవలసిందేనా అని ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాం. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకే అభిప్రాయం కాదు. సోఫాలో నిద్రపోయినవారు చెప్పకుండా ఉండాల్సిందంటారు.

తెల్లవారి చూస్తే కేలండరులో ఆ శనివారం చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఉంది. ఆ రోజునుంచి పొద్దున్నే కాఫీ తాగి, ఇవాళ ఎన్నోరోజు అని అడగడం, ఏడోరోజునుంచి తనే చెప్పడం. ఎనిమిదోరోజున పల్లీ దగ్గింది, ఒళ్ళు కాస్త వెచ్చబడింది, తిండి ముట్టలేదు. వెటర్నరీ డాక్టరు స్టెరాయిడ్ మోతాదు పెంచి, రెండుగంటలకోసారి ఊపిరి లెక్కపెట్టమన్నారు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్ళక తప్పని రోజు. సాయంత్రం వచ్చేసరికి పాప నోటుపుస్తకంలో అమ్మ చేతిరాత: పదింటికి 34, పన్నెండుకి 36, రెండింటికి 32. నిద్రలో లెక్కపెట్టిందిట, మెలకువలో వేగంగా ఉంటుందని మేము ఎప్పుడో అన్నమాట గుర్తుంచుకుని. మా ఆస్పత్రిలో ఇంత శ్రద్ధగా రాసిన చార్టు ఎప్పుడోగాని చూడం. పదోరోజున పల్లీ పెరుగన్నం తిన్నది. ఎవరు పెట్టారని మేము అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అమ్మ దాన్ని ముట్టుకోగా మేము చూడలేదు. ఆగస్టు ఆఖరున ఎయిర్ పోర్టుకి బయల్దేరుతుంటే పల్లీ గుమ్మం దాకా వచ్చింది. అమ్మ చెప్పులేసుకుంటూ పక్కకి జరిగి దారి చూసుకుని దిగింది.

పురుగులన్నీ పోయాయో లేదో తేల్చే రక్తపరీక్ష ఆఖరి ఇంజక్షన్ అయిన తొమ్మిది నెలలకి చెయ్యాలి. మొన్న ఫోనులో అమ్మ అదెప్పుడని అడిగింది. జనవరి మధ్యలో అన్నాం.

"సంక్రాంతికి ముందా, వెనకా?"

ముందు అన్నాం. ఉండు అని, పెన్సిలు వెతుక్కోవడానికి లేచింది.